నడిమితల్లి: గద్దకూ ఊపిరిచేపకూ మధ్య జాగా

ఉత్తరాంధ్ర తీరంలో పెద్దరోడ్డు దిగి, జీడితోటల నడుమ ఇసుక బాటలో మూడు మైళ్ళు పోతే నడిమిరాయిపేట వస్తుంది. ఆటోలు తోటల చివరి వరకే వస్తాయి. అక్కడి నుంచి నడవవలసిందే. చెప్పులు ముందే చేతబట్టుకోండి. పేట దాటగానే సముద్రంలోకి చొచ్చుకుపోయిన నల్లరాయి ఒకటి కనిపిస్తుంది. నీరు వెనక్కి తీసినప్పుడు పొడికాళ్ళతో రాయి మొదటి వరకూ వెళ్ళవచ్చు. పోటు వేళ మోకాటిలోతు నీళ్ళుంటాయి. పిల్లలను వదలకండి.

రాయికి దక్షిణపు ముఖాన రెండు బొమ్మలు చెక్కి ఉన్నాయి. పైన రెక్కలు ముడుచుకుని తలకిందులుగా దిగుతున్న గద్ద. కింద నీటిని చీల్చుకుని పైకి లేస్తున్న డాల్ఫిన్. ఈ పేటవారు దానిని ఊపిరిచేప అంటారు. గద్ద ముక్కుకూ ఊపిరిచేప మూతికీ మధ్య జానెడు జాగా ఉంది. అందులో ఏ బొమ్మా లేదు. మొదటిసారి వచ్చినవారు ఇంత దూరం నడిచి వచ్చి, "అమ్మవారు ఎక్కడండీ?" అని అడుగుతారు. కొందరు గద్దకు పసుపు పూస్తారు. కొందరు చేప నుదుట కుంకుమ పెడతారు. రెండూ తప్పే. ఆ జానెడు జాగాయే అమ్మవారు. ఆమె పేరు నడిమితల్లి. ఆమెకు రూపం ఎందుకు లేదో తెలుసుకోకుండా కాయ కొట్టి వెళ్ళిపోతే కాయ ఖర్చే మిగులుతుంది. తెలుసుకుని వెళ్ళండి.

పూర్వం ఇక్కడ రాయి ఉండేది గాని బొమ్మలు లేవు. ఇరవై తాటాకు గుడిసెలు, పదిహేను తెప్పలు, ఉమ్మడిగా రెండు పెద్ద వలలు. పేటను అప్పట్లో గద్దలపేట అనేవారు. ఆ పేరు రావడానికి కారణముంది. ఇక్కడి జాలరులు గద్దను చూసే వేటకు వెళ్ళేవారు. తెల్లవారగానే రాయి మీదికి ఒకడు ఎక్కి, గద్దలు నీటి మీద ఎక్కడ చుట్టు తిరుగుతున్నాయో చూసేవాడు. అటే తెప్పలు నడిచేవి. గద్ద లేవని రోజున తెప్ప తడిసేది కాదు. గద్ద తిరగని దిక్కుకు తాతల నాటి నుంచి ఎవరూ పోలేదు.

పేటకు పెద్ద బంగారయ్య. వలకు కట్టే రాతిగుండ్లు చెక్కడంలో ఆ తీరాన అతనికి సాటి లేదు. అతని ఒక్కగానొక్క కొడుకు నూకన్న. కోడలు దాలమ్మ. ఏటిగట్టు పల్లె నుంచి వచ్చి మూడేళ్ళయింది. తండ్రీకొడుకుల మధ్య ఆస్తి తగువు లేదు, అన్నం తగువు లేదు. ఉన్న తగువల్లా గద్ద గొప్పదా, చేప గొప్పదా అన్నదే.

అలల మీద ఎగిరిపడే ఆ పెద్దచేపను పేటవారు దూకుడుచేప అనేవారు. ఆటకు దూకుతుందని వారి ఊహ. నూకన్న దాని పక్కనే తెప్ప నిలిపి, తలమీది రంధ్రం తెరుచుకుని బుస్సుమనడం విన్నాడు. అది ఆడడం లేదని, గాలి పీల్చుకోవడానికి పైకి వస్తోందని, దాని పేరు ఊపిరిచేప అని వచ్చి చెప్పాడు. పేటంతా పగలబడి నవ్వింది.

"నీళ్ళల్లో ఉన్న సేపకి గాలెందుకురా?" అన్నాడు బంగారయ్య. "ఆకాశాన ఉన్న గెద్దకి కనిపించినంత, నీళ్ళల్లో ములిగినోడికి ఏటి కనిపిస్తాది?"

"కనిపించి మనకేటి లాభం నాయినా? గెద్ద తన పిల్లల కోసరం దిగుతాది. దాని ఎంగిలికి మనం ఎగబడతన్నాం. ఊపిరిసేప అలక్కాదు. సేపల మందని తోలుకొచ్చి వలకాడ నిలబెడతాది."

"నీకు సెప్పి నిలబెట్టిందేటి?"

వల బాగుచేస్తున్న ఒకడు అందుకున్నాడు. "సెప్పే ఉంటాది పెద్దయ్యా. నీ కొడుకు పెళ్ళాంతో కంటే దాంతోనే ఎక్కువ మాటాడతాడు."

చేపలు ఎండబెడుతున్న దాలమ్మ తలెత్తకుండానే, "దాంతోనైనా మాటాడనీ. ఇంటికాడ నోరిప్పితే మావతో తగువే కదా" అంది.

ఆమె నలుగురి ఎదుట అలా ఎగతాళి చేసినా, రాయి మీద ఇద్దరూ కూర్చున్నప్పుడు అతను చెప్పేదంతా శ్రద్ధగా వినేది. "గెద్దకి ఇల్లు గాల్లో, కూడు నీళ్ళల్లో" అనేవాడు నూకన్న. "ఊపిరిసేపకి ఇల్లూ కూడూ నీళ్ళల్లోనే, ఊపిరి మాత్తరం గాల్లో. దేనికీ ఉన్నకాడ సరిపోదు. మనమూ అంతే దాలీ. ఇల్లు ఇసకలో, కూడు నీళ్ళల్లో, పేణం ఇంటికాడ."

"పేణం అంటే ఎవులో?"

"నిన్నే అంటే మళ్ళీ పులుసు పొయ్యమని అడగడానికే అంటన్నాడనుకుంటావు."

"అడగకుండా ఎప్పుడున్నావు?" అని ఆమె నవ్వింది. తరువాతి కాలంలో దాలమ్మ ఈ మాటలనే పదే పదే చెప్పుకునేదట. అందుకే ఇవి ఇప్పటికీ పేటలో నిలిచాయి.

ఒక ఏడు కార్తీక పున్నమి వెళ్ళిన మర్నాడు గద్ద లేవలేదు. తెప్పలన్నీ ఒడ్డునే ఉన్నాయి. దూరాన ఊపిరిచేపల మంద దక్షిణంగా పోతుండడం నూకన్న చూశాడు. చిన్న తెప్ప ఒక్కడే దింపాడు. బంగారయ్యకు ఒళ్ళు మండింది. "పో. నీ సేప నీకు దారి సూపిస్తాదో, దారి తప్పిస్తాదో నేనూ సూస్తాను" అన్నాడు. కొడుకుతో అతను అన్న చివరి మాట అదే. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. సాయంత్రానికి సముద్రం, ఆకాశం ఒక్కటయ్యాయి. మూడు రోజులు వాన.

నూకన్న రాలేదు.

ఆ పేటలో ఒక కట్టు ఉండేది. సముద్రానికి పోయి రానివాని కోసం అమావాస్య వరకే చూసేవారు. అమావాస్యనాటి పొద్దుగూకే వేళ ఆడవారు అతని భార్యను రాయి దగ్గరకు తీసుకుపోయి, గుండ్రాతితో గాజులు పగలగొట్టేవారు. శవం దొరకని చావుకు ఆ గాజుముక్కలే శవం. వాటిని కాల్చి దినం చేసేవారు. ఆపైన ఆ పేరు ఎవరూ ఎత్తకూడదు. దాలమ్మకు మిగిలింది పన్నెండు రోజులు.

వాన వెలిసిన నాడు గద్దలు ఈశాన్యాన గుంపుగా తిరిగాయి. తెప్పలన్నీ అటు పరుగెత్తాయి. అక్కడ ఉబ్బిన తాబేలు కళేబరం తేలుతోంది. బంగారయ్య ఒడ్డుకు వచ్చి ఇసుకలో కూలబడ్డాడు. "గెద్దలు సూపించనేదు. నా కొడుకు ఇంక నేడు" అన్నాడు. ఆ మాట అన్నందుకు దాలమ్మ మామగారితో ఆరు రోజులు మాట్లాడలేదు.

తెప్పను ఒడ్డు నుంచి నీళ్ళలోకి ఈడ్చినప్పుడు ఇసుకలో లోతుగా గీత పడుతుంది. ఒడ్డు మీద మిట్టన ఉన్నంత మేరకు నూకన్న తెప్ప గీసిన గీత వానకు కొంత చెదిరినా ఇంకా ఉంది. గాలికి అది పూడిపోకుండా దాలమ్మ దానిమీద తాటాకులు కప్పింది. ఎండ్రకాయలు తవ్వితే తోలింది. పొద్దున ఆకులు తీసి చూసుకుని, మళ్ళీ కప్పేది. చేపలు ఎండబెట్టే ఆడవారు చూసి తలలు తిప్పుకునేవారు. అన్నం ఇద్దరికీ వండేది. అతని వాటా తీసి మూతపెట్టేది. మర్నాడు దానిలో నీళ్ళు పోసి తాను తినేది. ఏడ్చి గగ్గోలు పెట్టలేదు. ఏడిస్తే చచ్చాడని ఒప్పుకున్నట్టేనని ఆమె భయం. ఇంటిమీద గద్ద నీడ పడితే మాత్రం రాయి తీసి విసిరేది.

పదోనాడు తెల్లవారేసరికి ఊపిరిచేపలు రాయి దగ్గరకు వచ్చాయి. ఏడో ఎనిమిదో ఉన్నాయి. అందులో ఒకటి రాయి చుట్టూ తిరిగి, మూతి పైకెత్తి, మళ్ళీ మునిగి, మళ్ళీ వచ్చింది. పేట తొమ్మిది రోజులుగా పస్తులుంది. వేట లేదు. చేప అంత దగ్గరకు వచ్చేసరికి మగవారంతా లేచారు. "నూకన్న సెప్పినట్టే మందని తోలుకొచ్చినాయిరా!" అని పెద్దవల దింపారు.

దాలమ్మ మామగారి దారికి అడ్డంగా నిలబడింది. "మావా, ఒక్క సేపైనా ఎగిరిందేటి? మంద నేదు. వొట్టినే వొచ్చినాయి. అది రాయిని ఇడిసి పోతం నేదు, సూడు."

"ఆకలికి నీకు సూపు ఆనటం నేదు. తప్పుకో అమ్మీ."

వల లాగితే చేపలు లేవు. వచ్చి వచ్చి రాయి చుట్టూ తిరుగుతున్న ఆ ఒక్క ఊపిరిచేపే చిక్కింది. మిగతావి దూరంగా నిలిచి బుస్సుమంటున్నాయి. చిక్కినది మనిషికి ఒకటిన్నర రెట్లుంది. బలంగా కొట్టుకుంటోంది. లాగితే ఉన్న వల చిరుగుతుంది. విడిపిద్దామంటే దగ్గరకు పోనివ్వడం లేదు. అప్పుడు బంగారయ్య ఒక మాటన్నాడు. ఈ స్థలమాహాత్మ్యం చెప్పేవారు చాలామంది ఈ మాటను దాటవేస్తారు. దాచవలసిన పని లేదు. "నీరు తీసినదాకా అలాగే ములిగి ఉండనీండి. నీళ్ళల్లోదానికి నీళ్ళల్లో ఏటి బాద?" అని వల అంచులకు రాతిగుండ్లు కట్టించి, అడుగుకు దించాడు. తాను చెక్కిన గుండ్లే.

మధ్యాహ్నం నీరు తీసింది. వల తెరిచారు. నీళ్ళలో పుట్టినది నీళ్ళలోనే ఊపిరాడక చచ్చి ఉంది. సముద్రంలో బతికినవారు, వయసంతా తెప్ప మీదే గడిపినవారు, కొడుకు చెప్పిన ఒక్క మాట నమ్మి ఉంటే జరగని పని అది. ఇంకా పెద్ద సంగతి దానిని బోర్లా తిప్పినప్పుడు కనబడింది. వీపు మీది రెక్క మొదట ఒక గుడ్డపీలిక బిగించి కట్టి ఉంది.

దాలమ్మ మోకాళ్ళ మీద పడి ముడి విప్పింది. నూకన్న తలగుడ్డ చిరిగిపోతే, తన పెళ్ళిచీర అంచు వేసి ఆమే కుట్టింది. ఆ కుట్టు ఆమె చేతి కిందే ఉంది. "బతికున్నాడు మావా" అంది. "ఎక్కడో నేల మీద ఉన్నాడు. దీన్ని మన కాడికి పంపినాడు." పీలికను గుప్పిట పట్టుకుని, "దీని ఎనకాల ఎల్లుంటే సేరేవోళ్ళం" అంది.

బంగారయ్య తలెత్తి సముద్రం వైపు చూశాడు. దూరాన ఉన్న మంద అప్పటికే వెళ్ళిపోయింది. ఆ తరువాత నెలల తరబడి ఆ చుట్టుపక్కల ఒక్క ఊపిరిచేప కనబడలేదు.

మూడు రోజులు తెప్పలు దిక్కు తెలియక తిరిగాయి. దారి చెప్పవలసినది ఇసుకలో పాతిపెట్టి ఉంది. చూస్తుండగానే పద్నాలుగో రోజు వచ్చింది. నడిపొద్దున ఎండలో దాలమ్మ రాయి మీద కూర్చుని, కన్ను మూతపడి, ఒక కల కన్నది. నడుము లోతు నీళ్ళలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఎండ కళ్ళలో పడి ముఖం తెలియడం లేదు. ఆమె ఇలా చెప్పింది. "నీళ్ళలో దారి చూపేది పోయింది. గాలిలో దారి చూపేది ఉంది. అది కూటికి వచ్చినప్పుడు కాదు, ఇంటికి పోయేటప్పుడు చూడు."

దాలమ్మ మేలుకుని కదలకుండా అక్కడే కూర్చుంది. పొద్దు వాలింది. గద్దలు ఒకటొకటిగా ఒడ్డున ఉన్న తాడిచెట్లకు చేరాయి. తెల్లరొమ్ము గద్ద ఒకటి మాత్రం చెట్లకు రాలేదు. కాళ్ళలో చేపను పట్టుకుని, ఒడ్డు విడిచి, దక్షిణంగా సముద్రం మీదికి పోయింది. చుక్కంత అయి మాయమయ్యే వరకు ఆమె దానినే చూసింది. తరువాత పరుగున వచ్చి మామగారి చెయ్యి పట్టుకుంది.

బంగారయ్య చాలాసేపు దక్షిణం వైపు చూశాడు. "పొద్దుగూకితే గెద్ద నేల సేరాల. సముద్రం మీద గూడు కట్టదు. అటు నేలుంది" అన్నాడు. తరువాత, "అరవయ్యేళ్ళు పొద్దున్నే సూసినాను. సాయంకాలం ఒక్కనాడు సూడనేదు" అని నుదురు కొట్టుకున్నాడు.

మర్నాడు అమావాస్య. తెల్లవారుతుండగా మామా కోడలూ తెప్ప దింపుతుంటే పేటలోని ఆడవారు వచ్చి అడ్డం పడ్డారు. ఆడది తెప్ప ఎక్కడం ఒక తప్పు, గాజుల పొద్దున పేట విడవడం ఇంకొక తప్పు. వారిలో పెద్దది, "ఎక్కడికి పోయినా పొద్దుగూకేసరికి ఆ సేతులు ఇక్కడుండాల" అంది.

"నా సేతులు తెడ్డు ఎయ్యడానికి నాతో వొస్తన్నాయి అప్పా" అంది దాలమ్మ. "గాజులు కావాలంటే ఎనకాల ఈదుకుంటూ రండి."

మిట్టమధ్యాహ్నానికి దిబ్బ కనబడింది. ఏరు సముద్రంలో కలిసే చోటుకు ఆవల, ఒడ్డు నుంచి కంటికి ఆననంత దూరాన, నాలుగు మడచెట్లు మొలిచిన ఇసుక దిబ్బ. తెల్లరొమ్ము గద్ద గూడు వాటిలో ఒక చెట్టు మీదే ఉంది. గద్ద కూటికోసం అటు ఎన్నడూ తిరగలేదు కాబట్టి ఆ దిబ్బ ఉన్నదనే పేటలో ఎవరికీ తెలియదు.

తెప్ప ఆగకముందే దాలమ్మ దూకింది. చెట్టు కింద మూడు రాళ్ళ పొయ్యి. పక్కన తాబేటి గుడ్ల పెంకులు. వాననీటికోసం తవ్విన గుంట, అడుగున పిడికెడు తడి. కొంచెం ఎడంగా ముత్యపుచిప్పలు వరసగా పేర్చి ఉన్నాయి. రోజుకొకటి. పద్నాలుగు. పొయ్యి దగ్గర నుంచి నీటి అంచు వరకు మనిషి అడుగులు, వాటి పక్కనే దుంగలు ఈడ్చిన గీత. దిబ్బ మీద మనిషి మాత్రం లేడు.

ఆమె పొయ్యిలో చెయ్యి పెట్టింది. బూడిద వెచ్చగా ఉంది.

గుడ్డ కట్టి పంపినవాడు ఐదు రోజులు ఎదురుచూశాడు. నీళ్ళు అయిపోయాయి. తన పిలుపు చేరలేదనుకున్నాడు కాబోలు. తెప్ప గాలివానకే పోయి ఉంటుంది, ఆ పొద్దున్నే కొట్టుకొచ్చిన దుంగలు రెండు కట్టుకుని సముద్రంలోకి పోయాడు. వీరు వస్తున్న వేళకే అతను పోతూ ఉండాలి. నడుమ ఎన్ని అలలు అడ్డం వచ్చాయో ఎవరికి తెలుసు? ఇద్దరూ గొంతులు పోయేదాకా కేక వేశారు. గూటి మీద గద్ద అరిచింది. ఇంకేమీ పలకలేదు. తిరిగి తెప్ప ఎక్కేముందు దాలమ్మ పదిహేనో చిప్పను వెతికి తెచ్చి వరసలో పెట్టింది.

పొద్దుగూకే వేళకు పేట చేరారు. ఆడవారు గుండ్రాయితో కనిపెట్టుకుని ఉన్నారు. కట్టు కట్టే కదా. కోడలిని వెనక ఉంచి బంగారయ్య ముందు దిగాడు. అతని రెండు చేతులకూ బూడిద ఉంది.

"నా కొడుకు ఇయ్యాల పొద్దున పొయ్యి ముట్టించినాడు" అన్నాడు. "ఇదిగో, ఆ బూడిద. పొయ్యి ముట్టించినోడి పెళ్ళానికి మనం గాజులు పగలగొట్టబోనాం. ఇంతకు ముందు ఎందరికి ఇలాగ పగలగొట్టినామో. అందులో ఎందరు ఏ దిబ్బ మీద పొయ్యి ముట్టించుకుని కూకున్నారో. ఇంక ఈ పేటలో ఆ పని నేదు. కాదన్నోళ్ళు ముందు నా మీద ఎయ్యండి ఆ రాయి."

పొద్దున అడ్డం పడిన ఆ పెద్దదే వెళ్ళి గుండ్రాతిని నీళ్ళలో విసిరివచ్చింది. ఆమెకు ఇరవై ఏళ్ళ కిందట అదే రాతితో గాజులు పోయాయి.

మర్నాటి నుంచి బంగారయ్య వలగుండ్లు చెక్కే ఉలితో నల్లరాతి మీద పని మొదలుపెట్టాడు. పైన గద్దను చెక్కాడు. కింద తాను చంపిన ఊపిరిచేపను చెక్కాడు. దానికి ఏడాది పట్టింది. చెక్కుతూ ఒక్కొక్కప్పుడు ఉలి దించి, దాని తలమీద తాను చేసిన రంధ్రంలో వేలుపెట్టి కూర్చునేవాడట. రెంటికీ నడుమ కలలో కనబడిన తల్లిని నిలపాలని, "అమ్మ మొగం ఎలాగుందే?" అని కోడలిని అడిగాడు.

"కనబడనేదు మావా."

"మరి ఏటి సెక్కను?"

"ఏటీ సెక్కకు. ఆ జాగా అలాగుండనీ. గెద్ద తోడొచ్చినా, సేప తోడొచ్చినా ఆడు అక్కడికే రావాల."

నూకన్న మరుసటి పున్నమికి రాలేదు. ఆపై ఏ పున్నమికీ రాలేదు. దాలమ్మ చాలా ఏళ్ళు బతికింది. మామగారిని తానే సాగనంపింది. ఇద్దరికీ వండడం మానలేదు. ఆమె పోయినప్పుడు జుట్టు నెరిసి, నడుము వంగి ఉన్నా, చేతుల నిండా గాజులున్నాయి. పేటవారు వాటితోనే సాగనంపారు.

నేటికీ నడిమిరాయిపేటలో సముద్రానికి పోయి రానివాని భార్య గాజులు తీయరు. ఊపిరిచేప వలలో పడితే పొద్దు చూడరు, ఖరీదు చూడరు, వల కోసి వదిలేస్తారు. ఇంజను పడవలు, నైలాను వలలు వచ్చాక కూడా ఈ కట్టు తప్పినవారు లేరు. కార్తీక అమావాస్యనాడు రాయి ఎదుట ఇసుకలో మూడేసి రాళ్ళతో పొయ్యిలు వెలుస్తాయి. ఇంటి నుంచి వెళ్ళి తిరిగి రానివారు ఉన్నవారంతా వస్తారు. సముద్రానికి పోయినవారే కానక్కరలేదు. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లవాని తల్లి వస్తుంది. పనికని ఊరు వదిలి కబురు లేని అన్న కోసం చెల్లెలు వస్తుంది. అన్నం, చేపలపులుసు వండి, ఒక ముద్ద రాతి మీద గద్దకు, ఒక ముద్ద నీళ్ళలో ఊపిరిచేపకు పెట్టి, పోయినవారి వాటా తీసి మూతపెట్టి, పొయ్యి ఆరిన తరువాత వెచ్చటి బూడిదను అరచేతికి రాసుకుని ఆ జానెడు జాగాలో చెయ్యి ఉంచుతారు. ఇక్కడ పూజ అంతే. పూజారి లేడు, టిక్కెట్టు లేదు. ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

నడిమితల్లిని కొలిస్తే పోయినవారు తప్పక తిరిగి వస్తారని ఈ పుస్తకం చెప్పదు. వచ్చినవారు ఉన్నారు, రానివారు ఎక్కువ. అయినా ఏటేటా పొయ్యిలు పెరుగుతూనే ఉన్నాయి. మీ ఊళ్ళో, మీ ఇంట్లో, మీ మేలు కోరే చుట్టాలు కూడా ఇక చాలించమని చెప్పి ఉంటారు. ఇక్కడికి రండి. ఎదురుచూడడం ఎన్నాళ్ళని ఈ ఇసుకలో ఎవరూ మిమ్మల్ని అడగరు. పక్క పొయ్యి దగ్గర ఉన్నవారు కాస్త జరిగి చోటిచ్చి, మీవారి పేరు అడుగుతారు. గట్టిగా చెప్పండి.